బొసుమ్‌క్రోమ్ మలుపు

ఫిబ్రవరి 3, శనివారం

ఈస్టర్ సెలవుల్లో వెళ్ళడం ఖాయమైంది. పొద్దున అరబా షాపుకు వచ్చి, కత్తిరించడానికి పరిచిన గుడ్డ మీదే రోడ్డు మ్యాపు పరిచేసింది. నేను అరిచినా లెక్కచేయలేదు. బడినిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే హెడ్‌మిస్ట్రెస్‌కు నా అరుపు ఒక అరుపా!

అక్రాలో బయలుదేరి కేప్‌కోస్ట్, ఎల్మినా, టకోరాడీ, చివరికి బెయిన్. అక్కణ్ణుంచి పడవలో న్జులెజో. నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఊరు. బడీ గుడీ అన్నీ నీళ్ళ మీదే.

"లండన్ వెళ్ళి అక్కడి వంతెన చూసొచ్చాను గానీ మన దేశంలో నీళ్ళ మీద ఊరుంటే చూడలేదు. సిగ్గుగా లేదూ?" అంది.

"నేను లండనూ చూడలేదు. నాకు రెండింతలు సిగ్గు" అన్నాను.

కేప్‌కోస్ట్, ఎల్మినాల్లోని బానిసల కోటలు రెండూ చూడాలా, ఒకటి చాలా అని కాసేపు వాదించుకున్నాం. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళినప్పుడు ఆ చీకటి కొట్లలో నాకు ఊపిరాడలేదు. ఒక్కటే చూద్దాం అనుకున్నాం. కారు నాది, నడిపేదీ నేనే. అరబాకు స్టీరింగ్ ఇవ్వను. తను కారును కూడా పిల్లల్లాగే అదిలిస్తుంది.

మంకెస్సిమ్ దాటాక అరబా వేలు బొసుమ్‌క్రోమ్ మలుపు దగ్గర ఆగింది. "ఇక్కడ ఒక గంట ఆగితే?" అంది.

"ఎందుకు?"

"ఊరికే. కాళ్ళు చాపుకోవడానికి."

కాళ్ళు చాపుకోవడానికి ఇంకే ఊరూ దొరకలేదా? వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి మంచంలో ఉంటే, నేనూ అరబా వంతులేసుకుని ఎత్తి దించుతుంటే, చుట్టాల్లో ఒక్కరూ తొంగిచూడని వాళ్ళ సొంత ఊరు. ప్రాణం పోగానే బస్సులు కట్టించుకుని, బ్యాండుమేళంతో వచ్చి మనిషిని ఎత్తుకుపోయిన ఊరు.

"అక్కడ కారాగదు. నువ్వు కళ్ళు మూసుకో, నేను యాక్సిలరేటర్ తొక్కుతా" అన్నాను.

అరబా నవ్వి మ్యాపు మడిచేసింది.

ఫిబ్రవరి 7, బుధవారం

ఎల్మినా గెస్ట్‌హౌస్ ఆయనతో మాట్లాడాను. ఒక గది, రెండు మంచాలు. సముద్రం వైపు కిటికీ కావాలన్నాను. "అమ్మా, ఇక్కడ ఏ కిటికీ తీసినా సముద్రమే" అన్నాడు.

ఫిబ్రవరి 10, శనివారం

దారిలోకి కెంకే, అదే మొక్కజొన్న పిండి ముద్దలు, కట్టిస్తానని ఫోన్లో అన్నందుకు అరబా పావుగంట క్లాసు పీకింది.

"మా ఫాంటె దేశంలోకి మీ గా జాతివాళ్ళ కెంకే పట్టుకొస్తావా? దారిలో మావాళ్ళు కారాపి మనల్ని దింపేస్తారు."

"దింపనీ. మీ కెంకేలో ఉప్పే ఉండదు. జబ్బుమనిషి తిండి."

"ఉప్పు చాలని వాళ్ళే అలా తిడతారు. వారంలో నాలుగుసార్లు బీపీ మాత్ర మర్చిపోయేది నేనే గానీ, నీ కెంకే తింటే మర్చిపోకపోయినా పోతాను."

మాత్ర వేసుకోవే అన్నాను. వేసుకుంటాలే అంది.

ఫిబ్రవరి 13, మంగళవారం

అరబా

ఫిబ్రవరి 14, బుధవారం

కారుకు ముందు టైర్లు రెండూ మార్పించాను. వెనకవి ఇంకో ఏడాది వస్తాయట. మెకానిక్ ఎక్కడికమ్మా అంటే బెయిన్ దాకా అన్నాను. అంత దూరమా అన్నాడు.

ఫిబ్రవరి 15, గురువారం

మంగళవారం పొద్దున ప్రార్థనలో పిల్లలు జాతీయగీతం పాడుతున్నారు. అరబా మెట్ల మీద నిలబడి ఉంది. గీతం అయ్యాక "కూర్చోండి" అనాలి. అనలేదు. కూర్చుంది తనే. పిల్లలు అది చూసి, మేడమ్‌లాగే కూర్చోవాలేమో అనుకుని, అందరూ కూర్చున్నారట.

ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందట.

అరబా భర్త ఫీఫీ ఫోన్ చేసినప్పుడు నేను ఒక పెళ్ళికూతురి నడుము కొలుస్తున్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ కొలిచాను. ఇంకోసారి కొలిచాను. ఆ అమ్మాయి "ఆంటీ, రాసుకోరా?" అంది.

ఇంతవరకు కన్నీళ్ళు రాలేదు. రావాలి కదా. నాకేమైంది?

ఫిబ్రవరి 17, శనివారం

గెస్ట్‌హౌస్ ఆయన ఫోన్ చేశాడు. "ఈస్టర్‌కు జనం ఎక్కువమ్మా, గది ఉంచాలా?" అన్నాడు. ఉంచండి, ఇద్దరం వస్తున్నాం అన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు. నోరు దానంతట అదే అంది.

ఫిబ్రవరి 20, మంగళవారం

అరబా పోయిన వారానికి జరిపే కూటమి. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఎరుపూ నలుపూ బట్టలు. గోడకు అంటించిన పోస్టర్లో అరబా నవ్వుతోంది. ఆ ఫొటోలో వేసుకున్న గౌను నేను కుట్టిందే. మెడ దగ్గర కాస్త వదులైంది. సరిచేసిస్తానంటే తను ఇవ్వలేదు.

బొసుమ్‌క్రోమ్ నుంచి మేనమామ ఎసిల్ఫీ వచ్చాడు, కుటుంబపెద్ద హోదాలో. బాగా ముసలివాడైపోయాడు. లేచి, కర్ర ఆనించుకుని చెప్పాడు: మార్చి ఇరవై మూడున అంత్యక్రియలు. సొంత ఊళ్ళో. తల్లి పక్కన.

ఫీఫీ వైపు చూశాను. తల వంచుకుని వింటున్నాడు, వాతావరణం వార్తలు వింటున్నట్టు.

తర్వాత వంటింట్లో పట్టుకున్నాను. "ఏంటిది ఫీఫీ? నువ్వు భర్తవి. నోరు తెరవవేం?"

"మావాళ్ళలో భర్త శవపేటిక కొంటాడక్కా. మనిషి పుట్టింటివాళ్ళ సొత్తు. నీకు తెలియనిదా?"

"తనకు ఆ ఊరంటే అసహ్యం అని నీకు తెలియదా?"

ఏదో అనబోయాడు. ఎవరో కుర్చీలు తక్కువయ్యాయని పిలిచారు. వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 24, శనివారం

అరబా మాట నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? నా షాపులో, మ్యాపు మీద వేలు పెట్టి, ఈ నెలలోనే కదా అంది. బొసుమ్‌క్రోమ్ మలుపు దగ్గర కళ్ళు మూసుకుంటాను, నువ్వు యాక్సిలరేటర్ తొక్కెయ్యి అంది. నవ్వుతూ అన్నా మనసులో మాటే అంది.

కారు కూడా ఆపనివ్వని ఊళ్ళో పడుకోబెడతారట!

వెళతాను. ఆ ముసలాయన ముందు నిలబడి చెబుతాను.

మార్చి 2, శనివారం

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఫీఫీ వద్దక్కా అంటూనే వచ్చాడు. పెద్దవాళ్ళ దగ్గరకు ఒట్టిచేతులతో వెళ్ళకూడదని జిన్ను సీసా ఒకటి తెచ్చాడు. దారి పొడుగునా నేనే మాట్లాడాను. వాళ్ళమ్మ ఒంటి పుళ్ళు మేం ఎలా కడిగామో, ఫోన్ చేస్తే మామ "పంటలయ్యాక వస్తాం" అని ఎలా తప్పించుకున్నాడో, సమాధి దగ్గర అందరి ముందూ నేను అతన్ని ఎలా కడిగేశానో. ఫీఫీ ఊఁ కొట్టలేదు. మలుపు తిరిగాక మాత్రం "బంకు దాటాక ఎడమకి" అన్నాడు. "చర్చి వెనక సందులోకి పోనీ, ముందు గుంతలున్నాయి" అన్నాడు. అప్పుడెప్పుడో ఒక్కసారి వచ్చిన దారి ఎంత బాగా గుర్తుందో అనుకున్నాను. అంతే అనుకున్నాను!

ఎసిల్ఫీ మామ వాకిట్లో కూర్చోబెట్టి నీళ్ళిప్పించాడు. తాగాక, వచ్చిన పనేమిటని మర్యాదగా అడిగాడు. సీసా ముందు పెట్టి చెప్పాను.

"మామయ్యగారూ, నేను మీ కులందాన్ని కాదు. మీ భాష కూడా సరిగ్గా రాని గా మనిషిని. కానీ అరబాను ఇక్కడికి తేకండి. మీరెవరూ మంచినీళ్ళ చుక్క పోయనప్పుడు వాళ్ళమ్మను చూసింది మేమిద్దరం. బతికుండగా ఈ ఊరు గడప తొక్కనన్న మనిషిని చచ్చాక లాక్కురావడం అన్యాయం."

ముసలాయనకు కోపం రాలేదు. ఫీఫీ వైపు చూశాడు. ఫీఫీ నేల చూశాడు.

"ఈ అమ్మాయికి ఏమీ చెప్పలేదా మీరు?" అన్నాడు మామ. ఇంట్లోకి కేకేశాడు. "బెదూవా! ఇలా రా."

ఒక ముసలావిడ వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, ఆకుపచ్చ జాకెట్టుతో. ముందు జాకెట్టు చూశాను. మెడ చుట్టూ రెండు వరసల కుట్టు. అక్రాలో అలా వేసేది నేనొక్కదాన్నే.

"ఏం కుట్టుపిల్లా, గుర్తుపట్టలేదా? 'ఊపిరి వదులమ్మమ్మా, పొట్ట లోపలికి లాగి నన్ను మోసం చెయ్యకు' అన్నావు. టేపు పెట్టి బిగించి చంపావు" అంది నవ్వుతూ. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

"మీరు... ఎస్తర్ టీచర్ వాళ్ళమ్మగారు కదా? అరబా ఇంట్లో, నల్లకళ్ళద్దాలతో..."

"ఎస్తర్ ఎవరు తల్లీ? నేను అరబా పిన్నిని. నాకు కళ్ళ ఆపరేషన్ చేయించింది అదే. దానింట్లోనే ఉన్నాను. నువ్వు రోజూ వచ్చేదానివి. నువ్వొచ్చినప్పుడల్లా నన్ను ఎస్తర్ వాళ్ళమ్మను చేసేది."

నాకు నవ్వొచ్చింది. సిగ్గులేకుండా, వాకిట్లో అందరి ముందూ నవ్వాను. ఆగలేదు. పిన్ని నీళ్ళ చెంబు మళ్ళీ చేతిలో పెట్టింది.

మామ కర్ర పట్టుకుని లేచాడు. "రా తల్లీ. నేను చెబితే నమ్మవు. చూద్దువుగాని."

శ్మశానం చర్చి వెనకే. అరబా వాళ్ళమ్మ సమాధికి నీలం పలకలు వేసి ఉన్నాయి. మేం వదిలి వచ్చిన రోజు అది ఒట్టి మట్టిదిబ్బ. పక్కన కొంత జాగాకు చుట్టూ సిమెంటు గట్టు కట్టి ఉంది. మధ్యలో గడ్డి.

"ఇది ఎవరు కట్టించారు?" అన్నాను.

"అదే. పోయినేడు వానలకు ముందు. అమ్మ పక్కన ఇంకెవర్నీ రానివ్వకు మామా, ఈ చోటు నాది అంది. చిన్నదానివి, అవేం మాటలే అని తిట్టాను."

మామ మళ్ళీ అన్నాడు. "ఆవేళ ఇక్కడే నిలబడి నన్ను తిట్టావు. ఒక్క మాటా అబద్ధం కాదు. మా చెల్లెలు మంచంలో ఉంటే నేను వెళ్ళలేదు. చూడలేక వెళ్ళలేదని చెప్పుకునేవాణ్ణి. అదీ అబద్ధమే, వెళ్ళలేదు, అంతే. కొన్నాళ్ళకు అరబా ఒక్కతే వచ్చింది. నువ్వు తిట్టిన తిట్లే మళ్ళీ మొదట్నుంచీ తిట్టింది. తిట్టి, మా ఇంట్లోనే భోంచేసి వెళ్ళింది. ఇంకెప్పుడూ రాదనుకున్నాను. మళ్ళీ వచ్చింది. వస్తూనే ఉంది."

ఫీఫీ దూరంగా గేటు పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరకెళ్ళి అడిగాను. "నీకు తెలుసా?"

"నేనే తీసుకొచ్చేవాణ్ణక్కా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చావా? తను ఎన్నిసార్లు మొదలుపెట్టింది! మావూరు అని నోరు తెరవగానే నువ్వు కత్తెర కింద పడేసి ఆ బస్సులూ బ్యాండూ ఎత్తుకునేదానివి. ఈవేళ కూడా అక్రా నుంచి ఇక్కడిదాకా నన్ను ఒక్క మాట మాట్లాడనిచ్చావా?"

తిరిగి వచ్చేటప్పుడు పిన్ని కారు కిటికీలో చెయ్యి పెట్టి నా మోచేయి పట్టుకుంది. "ఈస్టర్‌కు నిన్ను ఇక్కడికి తెస్తానంది. దారిలో ఆపి, నా చేతి చేపల పులుసు తినిపించి, అప్పుడు చెబుతా పిన్నీ, తిన్నాక అంత గట్టిగా తిట్టలేదులే అంది. అదంటే నీకెంత ఇష్టమో అదే చెప్పింది. నువ్వంటే దానికి ఎంత భయమో కూడా అదే చెప్పింది."

మార్చి 3, ఆదివారం

భయమా?

నేనంటేనా?

మార్చి 5, మంగళవారం

అరబా మీద కోపంగా ఉంది. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం పెట్టుకోవచ్చా? ముప్ఫై ఏళ్ళుగా తెలియని గుట్టు లేదనుకున్నాను. నా మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిన రోజు, ఆ సంగతి నాకు నేను చెప్పుకోకముందే తనకు చెప్పాను. అలాంటి నాకు... ఎస్తర్ టీచర్ వాళ్ళమ్మట!

నేను ఆవిడకు రెండు వరసల కుట్టు వేశాను. కూలి కూడా తీసుకోలేదు.

మార్చి 6, బుధవారం

స్వాతంత్ర్య దినం. పిల్లలు కవాతు చేస్తూ షాపు ముందు నుంచి వెళ్ళారు. అరబా బడివాళ్ళు కూడా. ముందు నడవాల్సిన చోట ఎవరో కొత్త టీచరు నడుస్తోంది. తలుపు వేసేశాను.

మార్చి 12, మంగళవారం

అరబాకు చివరి బట్టలు నేనే కుట్టాలని బెదూవా పిన్ని ఫోన్ చేసింది. వేరేవాళ్ళను చూసుకోండి అన్నాను. "సరే తల్లీ" అంది. బతిమాలలేదు. బతిమాలితే బాగుండేది.

మార్చి 14, గురువారం

తెల్ల లేసు కొన్నాను. కొలతలు చూడక్కర్లేదు. మెడ దగ్గర వదులు లేకుండా కుట్టాను.

మార్చి 23, శనివారం. బొసుమ్‌క్రోమ్

అయిపోయింది.

బ్యాండుమేళం వచ్చింది. అసహ్యించుకుందామనుకున్నాను. అదే మేళం, అవే బూరలు. కానీ దాని ముందు అరబా బడి పిల్లలు నడిచారు, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యి వేసుకుని. వాళ్ళకు ఈ ఊరి మీద ఏ కోపమూ లేదు. వాళ్ళ మేడమ్ ఊరు, అంతే.

అరబాకు తొడిగిన గౌను వెనక హుక్కులు ఆనవాయితీ ప్రకారం పిన్ని పెట్టాలి. కళ్ళు కనిపించడం లేదని నన్ను లోపలికి పిలిచింది. ఆపరేషన్ అయిన కళ్ళు! చూపు బాగానే ఉంది ఆవిడకు. నాకు తెలుసు. వెళ్ళి పెట్టాను. వీపు చల్లగా ఉంది.

ఇప్పటికీ కన్నీళ్ళు రాలేదు.

మార్చి 26, మంగళవారం

గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాలి. రేపు చేస్తాను.

మార్చి 27, బుధవారం

నేను ఫోన్ తీసేలోపే పిన్ని చేసింది. "శుక్రవారం ఏ వేళకు వస్తావు? సంచి సర్దుకున్నాను."

"ఎక్కడికి పిన్నీ?"

"అదేంటే? నీళ్ళ మీద ఊరికి. వెనక సీటు నాదని అరబా చెప్పిందే. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఫీఫీకి ఫోన్ చేశాను. "ఇంకా ఏమైనా ఉన్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి."

"లేవక్కా. ఉన్నా నాక్కూడా చెప్పలేదేమో." మొదటిసారి ఇద్దరం కాస్త నవ్వాం.

పిన్నికి ఏం చెప్పను? సంచి సర్దుకున్న మనిషికి!

మార్చి 29, శుక్రవారం. కేప్‌కోస్ట్

కసోవా దగ్గర బండ్లు కదలక పొద్దంతా అక్కడే పోయింది. మలుపులోకి తిరిగి పిన్నిని ఎక్కించుకున్నాను. వెనక కాదు, ముందు కూర్చుంది. అరబాలాగే నా డ్రైవింగును తిట్టింది. "ఆ లారీని ఎందుకు ముద్దు పెట్టుకోబోతావు?" అంది. ఆవిడ గొంతు అచ్చం అరబాదే. ఆవేళ వాకిట్లో ఎలా గమనించలేదో.

మార్చి 30, శనివారం. ఎల్మినా

కోటకు వెళ్ళాం. ఆడవాళ్ళను బంధించిన కొట్టులో పిన్ని చెప్పులు విడిచి కాసేపు నిలబడి బయటికొచ్చింది. చేపల రేవులో మాత్రం బేరాలాడి గొంతు పోగొట్టుకుంది. గెస్ట్‌హౌస్ ఆయన అన్నది నిజమే, ఏ కిటికీ తీసినా సముద్రమే.

ఏప్రిల్ 1, సోమవారం. బెయిన్

న్జులెజో చూశాం.

పడవ సన్నగా ఉంటుంది. మొదట రెల్లు మధ్య ఇరుకు కాలవ, తర్వాత ఒక్కసారిగా పెద్ద సరస్సు. నీళ్ళు నల్లటి టీలా ఉన్నాయి. పడవ నడిపేవాడు కదలకుండా కూర్చోమని ముందే చెప్పాడు. నాకు ఈత రాదు. పిన్నికి అసలే రాదు. చీరలాగా చుట్టుకున్న గుడ్డ మోకాళ్ళ మధ్య బిగించుకుని, రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది.

దూరంగా గుంజల మీద ఇళ్ళు కనిపించాయి. ఒక ఇంటి ముందు తాడు మీద ఆరేసిన ఎర్రచొక్కా. అది చూడగానే పిన్ని భయం ఎటు పోయిందో, "అదిగో, కనిపిస్తోంది! నాకు కనిపిస్తోందే! చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి!" అంటూ లేచి నిలబడింది. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. నీళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి. పడవవాడు వాళ్ళ భాషలో గట్టిగా కేకేశాడు.

"అరబా! కూర్చోవే!" అని అరిచాను.

నీళ్ళ మీద ఆ పేరు చాలా దూరం వెళ్ళింది. అటుపక్క పడవలో వాళ్ళు తల తిప్పి చూశారు.

పిన్ని చటుక్కున కూర్చుంది. పడవ సర్దుకునేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అప్పుడు ఆవిడ, వెనక్కి తిరక్కుండానే, ఆ గొంతుతోనే అంది: "కూర్చున్నాలే. అరవకు."

పడవ నడిపేవాడు మళ్ళీ తెడ్డు వేశాడు. నేను ఏడుస్తున్నాను. ముక్కు తుడుచుకోవడానికి అంచు వదిలితే పడిపోతానని భయం, అందుకని తుడుచుకోకుండానే ఏడ్చాను, ఆ ఊరు వచ్చేదాకా, మెట్లెక్కేదాకా, ఎవరో కొబ్బరినీళ్ళు చేతికిచ్చేదాకా. పిన్ని ఓదార్చలేదు. ఇళ్ళమధ్య చెక్కల బాట మీద నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, కనిపించిన ప్రతిదీ నాకు చూపించింది. బడి చూపించింది, బాతుల్ని చూపించింది, గుమ్మంలో కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకున్న పిల్లల్ని చూపించింది.

రేపు తిరుగు ప్రయాణం. పిన్నిని దింపడానికి బొసుమ్‌క్రోమ్‌లో ఆగుతాను. ఎసిల్ఫీ మామ కూడా ఉంటాడు. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. తిట్టడం మొదలుపెడితే మొదలుపెడతాను. భోజనం మాత్రం చేసే వస్తాను.